పిక్కబలం: కాలి సత్తువను కొలవడం ఎలా మొదలైంది?

ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకని వాళ్ళ కోసం, విన్నా ఇంకోసారి చదువుకుందాం అనుకునే వాళ్ళ కోసం ఇది రాతలో పెడుతున్నాను. ఆడియోలో తొందరగా దాటేసిన సంగతులు కొన్ని ఇక్కడ కలిపాను.

పోయిన నెల దోహా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఊళ్ళో వాళ్ళ అమ్మకు 68 ఏళ్ళు. ఏడాదిలో రెండుసార్లు పడ్డది. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉందన్నారు, నొప్పి గోలీలు రాసిచ్చారు. ‘అన్నా, షుగర్‌కు టెస్టుంది, బీపీకి మిషనుంది. కాళ్ళల్ల బలం ఎంతుందో చెప్పే టెస్టు ఏదన్న ఉంటదా?’ అని అడిగాడు.

ఉంది తమ్ముడూ. రక్తం తీయక్కర్లేదు, మిషను అక్కర్లేదు. ఒక గోడ, ఒక కుర్చీ, చేతిలో ఫోను ఉంటే చాలు. కానీ ఆ గోడ దగ్గరికి, ఆ కుర్చీ దగ్గరికి రావడానికి డాక్టర్లకు దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది. ఈ ఎపిసోడ్ ఆ రెండు వందల ఏళ్ళ కథే.

ముందు మన మాటతో మొదలుపెడతాను. తెలుగులో ‘పిక్కబలం చూపించాడు’ అంటే పారిపోయాడని అర్థం. మన పెద్దలకు పరుగు ఎక్కడి నుంచి వస్తుందో బాగా తెలుసు. మోకాలి కింద, వెనకవైపు ఉండే పిక్క కండరాలు మడమను పైకి లేపి మనిషిని ముందుకు తోస్తాయి. ముందువైపు, ముంగాలి ఎముకను ఆనుకుని ఇంకో కండరం ఉంది. అది పాదం ముందు భాగాన్ని పైకి ఎత్తుతుంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు బొటనవేలు నేలకు తగలకుండా చూసేది అదే. ముసలివాళ్ళు గడప తగిలి పడ్డారు అంటాం చూశారా, చాలాసార్లు ఆ గడప ఎత్తు పెరగలేదు, పాదం ఎత్తే కండరం సత్తువ తగ్గింది.

బలాన్ని మొదట ఎవరి కోసం కొలిచారు?

మనిషి బలాన్ని కొలిచే పరికరాల్లో బాగా పేరొచ్చిన తొలి పరికరం ఫ్రాన్స్‌లో తయారైంది. ఎడ్మ్ రెన్యే అనే ఆయన 1798లో దాని వివరాలు అచ్చు వేయించాడు. దాని పేరు డైనమోమీటర్. కోడిగుడ్డు ఆకారంలో వంచిన ఉక్కు స్ప్రింగు, దానికి ఒక ముల్లు. చేతులతో నొక్కితే పిడికిలి బలం తెలుస్తుంది. కాళ్ళ కింద ఒక పీట పెట్టుకుని, కొక్కెం పట్టుకుని పైకి లాగితే నడుము బలం తెలుస్తుంది. బఫాన్ అనే పెద్ద ప్రకృతి శాస్త్రవేత్త ఇలాంటిది ఒకటి కావాలని అడిగితే ఆ పని మొదలైంది. అదే పరికరంతో గుర్రాల బలం కూడా కొలవొచ్చు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళకే ఆ పరికరం ఓడెక్కింది. 1800లో ఫ్రాన్స్ నుంచి బోదాన్ నాయకత్వంలో ఆస్ట్రేలియా వైపు బయలుదేరిన ఓడల్లో ఫ్రాన్స్వా పెరాన్ అనే కుర్ర శాస్త్రవేత్త ఉన్నాడు. అతను టాస్మానియాలో, తిమోర్‌లో అక్కడి మనుషుల చేత ఆ స్ప్రింగు లాగించాడు. తమ నావికుల చేత, సిడ్నీ దగ్గర ఉన్న ఇంగ్లీషు వాళ్ళ చేత కూడా లాగించాడు. లెక్కలు వేసి, నాగరికులమైన మేమే బలవంతులం అని రాసేశాడు. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఓడ దిగిన కొత్త మనుషులు, ఎన్నడూ చూడని ఒక ఇనుప సామాను. అది ఎందుకు లాగాలో తెలియని మనిషి ప్రాణం పెట్టి ఎందుకు లాగుతాడు? బలం పరీక్షలో పరికరం ఎంత ముఖ్యమో, మనిషికి అది అర్థం కావడం అంత ముఖ్యం. మన అమ్మానాన్నలకు పరీక్ష చేసేటప్పుడు కూడా ఇది పనికొచ్చే సంగతే.

ఆ తర్వాత బెల్జియంలో కెట్లే అనే గణిత శాస్త్రవేత్త 1835లో అచ్చయిన తన పుస్తకంలో వయసువారీగా మనిషి బలం పట్టికలు ఇచ్చాడు. చిన్నతనం నుంచి పెరుగుతూ పోయి, నడి యవ్వనంలో శిఖరానికి చేరి, తర్వాత దిగుతుందని చూపించాడు. అంటే ముసలితనంలో బలం తగ్గుతుందనే సంగతి అంకెల్లో ఎక్కి దాదాపు 190 ఏళ్ళయింది. కానీ తగ్గినదాన్ని ఏం చేయాలి అని అప్పుడు ఎవరూ అడగలేదు. ఎందుకంటే కొలిచేవాళ్ళకు కావలసింది సైనికుడి బలం, కూలివాడి బలం.

కూలి అనే మాట వచ్చింది కాబట్టి మన కథ కూడా ఒకటి చెప్పాలి. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటల కోసం ఒప్పందం మీద తీసుకెళ్ళిన మొదటి భారతీయ కూలీలు అందులో ఉన్నారు. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అలాంటి ప్రతి ప్రయాణానికీ ముందు డిపోలో డాక్టరు చూసి, ఈ మనిషి పనికి పనికొస్తాడు అని రాసివ్వాలి. మన తెలుగువాళ్ళ వలస చరిత్రలో మెడికల్ అంటే అప్పటి నుంచీ ఇదే అర్థం. నేను గల్ఫ్ వచ్చేటప్పుడు కూడా మెడికల్ అయింది. ఛాతీ ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు, ఫిట్ అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం అడిగే ప్రశ్న ఒకటే: వీడు పనికి పనికొస్తాడా?

దానికి ఎదురుగా ఇంకో ప్రశ్న ఉంది. ఈ మనిషి తన పని తాను చేసుకోగలడా? ఆ ప్రశ్న వైద్యంలోకి రావడానికి ఒక మహమ్మారి కావలసి వచ్చింది.

పోలియో నేర్పిన పాఠం

1914లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పోలియో విరుచుకుపడింది. పిల్లల కాళ్ళు పడిపోయాయి. బోస్టన్‌లో ఎముకల డాక్టరుగా పేరున్న రాబర్ట్ లోవెట్‌ను పిలిపించారు. ఆయన దగ్గర విల్‌హెల్మీన్ రైట్ అనే ఆమె పనిచేసేది. పోలియో వచ్చిన పిల్లల కండరాలకు ఎలా కసరత్తు చేయించాలో ఆమె 1912లోనే ఒక వ్యాసం రాసింది. ఒక్కో కండరాన్ని విడివిడిగా చేత్తో పరీక్షించే పద్ధతి వీళ్ళ దగ్గర రూపం దిద్దుకుంది.

అందులో ఉన్న తెలివి చూడండి. కొలవడానికి ఏ పరికరమూ లేని చోట కూడా ఒక బరువు ఎప్పుడూ ఉంటుంది. అది భూమి ఆకర్షణ. పిల్లవాడు తన కాలిని ఆ బరువుకు ఎదురుగా పైకి ఎత్తగలడా? ఎత్తగలిగితే, డాక్టరు చేత్తో కిందికి నొక్కినా నిలబెట్టగలడా? ఎత్తలేకపోతే, పక్కకు పడుకోబెట్టి బరువు లేకుండా చేస్తే కదిలించగలడా? అదీ లేకపోతే, వేలు పెట్టి చూస్తే కండరం కొంచెమైనా బిగుసుకుంటోందా? ఈ మెట్లే తర్వాత గ్రేడ్లు అయ్యాయి.

లోవెట్ అక్కడితో ఆగలేదు. హార్వర్డ్‌లో శరీర ధర్మ శాస్త్రం చెప్పే మార్టిన్‌తో కలిసి, సంతలో సరుకు తూచే స్ప్రింగు తక్కెడ లాంటిదాన్ని కాలికి పటకా వేసి కట్టి, ఒక్కో కండరం ఎంత బరువు లాగుతుందో తూచాడు. ఆ పద్ధతిని 1916లో ప్రచురించారు. దాంట్లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. పూర్తిగా పడిపోయిన కండరాల కంటే, కొంచెం బలహీనపడ్డ కండరాలే ఎక్కువ. చూపుకు అందని నష్టం తూకంలో దొరికింది. 1921 ఆగస్టులో 39 ఏళ్ళ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాళ్ళు చచ్చుబడినప్పుడు, అది పోలియో అని తేల్చిన డాక్టరు కూడా ఈ లోవెట్టే. ఆ రోగి తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

1954లో సాక్ టీకాను అమెరికాలో లక్షల మంది పిల్లల మీద పరీక్షించినప్పుడు, జబ్బు పడిన పిల్లల కండరాలను ఫిజియోథెరపిస్టులు ఇదే చేతి పద్ధతితో పరీక్షించారు. అంటే ఆ టీకా పనిచేస్తుందని లోకానికి చెప్పడంలో చేత్తో కాలు నొక్కి చూసే ఈ సాదా పరీక్షకు కూడా భాగం ఉంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించింది. మన ఊళ్ళల్లో కాలు ఈడ్చి నడిచే మన వయసు వాళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళం మనం. ఆ కాళ్ళ మీదే ఈ విద్య నేర్చుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో తూటాలు తగిలి నరాలు తెగిన సైనికుల కోసం బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1943లో ఈ మెట్లకు 0 నుంచి 5 వరకు అంకెలు ఇచ్చింది. కదలిక ఏమీ లేకపోతే 0. మెరుపులా కొంచెం బిగుసుకుంటే 1. బరువు లేనప్పుడే కదిలితే 2. భూమి ఆకర్షణకు ఎదురుగా లేపితే 3. చేత్తో అడ్డుపెట్టినా కొంత లేపితే 4. మామూలు బలం ఉంటే 5. ఈ రోజుకీ హైదరాబాద్‌లోనైనా మస్కట్‌లోనైనా డాక్టరు మీ అమ్మ ఫైలులో ‘పవర్ 5/5’ అని రాస్తే అది ఈ 1943 లెక్కే.

5కి 5 వచ్చినా పడిపోతున్నారు

ఇక్కడే చిక్కు వచ్చింది. పిక్క కండరం మామూలు కండరం కాదు. మన మొత్తం ఒంటి బరువును ఒక్క కాలి మునివేళ్ళ మీద లేపగలిగే కండరం. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద మడమ లేపితే ఆ 60 కిలోలూ ఒక్క పిక్క మోస్తున్నట్టే. మంచం మీద పడుకోబెట్టి, డాక్టరు అరచేత్తో పాదాన్ని నొక్కి చూస్తే, సగం బలం పోయిన పిక్క కూడా ఆ చేతిని ఓడిస్తుంది. డాక్టరు 5 అని రాసేస్తాడు. అరవై ఏళ్ళు పొలంలో నడిచిన మన పెద్దవాళ్ళ కాళ్ళయితే చెప్పనే అక్కర్లేదు.

అందుకని పిక్కకు మాత్రం వేరే పరీక్ష పెట్టారు. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎన్నిసార్లు లేపగలవు? నీ బరువే నీకు తూకపు రాయి. కానీ ఎన్నిసార్లు లేపితే మామూలు అనాలి? చాలా ఏళ్ళు ఈ సంఖ్య మీద ఒక గట్టి ఆధారం లేదు. ఒక పుస్తకం ఒక మాట చెబితే ఇంకో పుస్తకం ఇంకో మాట.

దీన్ని తేల్చినవాళ్ళలో జాక్వెలిన్ పెర్రీ ఒకరు. ఆమె రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో ఫిజియోథెరపిస్టు. తర్వాత ఎముకల డాక్టరు అయ్యింది. కాలిఫోర్నియాలో రాంచో లోస్ అమిగోస్ ఆసుపత్రిలో పోలియో రోగులకు వైద్యం చేస్తూ, మనిషి నడకలో ఏ క్షణాన ఏ కండరం పనిచేస్తుందో జీవితమంతా చదివింది. 1995లో లున్స్‌ఫర్డ్ అనే సహచరురాలితో కలిసి 20 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న 203 మంది ఆరోగ్యవంతుల చేత మడమలు లేపించి లెక్కపెట్టారు. సగటు 28కి దగ్గరగా వచ్చింది. కాబట్టి పిక్కకు 5 మార్కులు రావాలంటే 25 సార్లు లేపాలి అన్నారు.

చూశారా, ఆ లెక్కలో 59 ఏళ్ళు దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. 2005లో తైవాన్ పరిశోధకులు పెద్ద వ్యాయామ అలవాటు లేని మామూలు మనుషులను, 80 ఏళ్ళ వరకు, పరీక్షించారు. అరవై దాటిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ సగటున అయిదుసార్లు కూడా లేపలేకపోయారు. 25 అనే గీత పెడితే ముసలివాళ్ళంతా ఫెయిలే. అంటే కొలబద్దలు యవ్వనం కోసం తయారయ్యాయి, కొలవాల్సిన అవసరం ముసలితనానికి వచ్చింది.

ఇంతకీ ముసలివాళ్ళ కాలి కింది భాగం ఎందుకంత ముఖ్యం? 1987లో అమెరికాలో విప్పుల్, వూల్ఫ్‌సన్, వాళ్ళ తోటివాళ్ళు వృద్ధాశ్రమంలో మాటిమాటికీ పడేవాళ్ళను, పడనివాళ్ళను పక్కపక్కన పెట్టి ఒక మిషను మీద మోకాలి బలం, చీలమండ బలం కొలిచారు. పడేవాళ్ళలో రెండూ తగ్గాయి. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది పాదాన్ని పైకి ఎత్తే బలం, అదీ వేగంగా ఎత్తాల్సి వచ్చినప్పుడు. చిన్న అధ్యయనమే, కానీ ఇంట్లో మనం కళ్ళారా చూసేదాన్ని అది అంకెల్లో పెట్టింది. కాలు తట్టుకున్న క్షణంలో పాదం టక్కున లేవాలి. ఆ టక్కున లేచే గుణం పోతే మనిషి పడతాడు.

కుర్చీ, గడియారం

అలాంటి మిషన్లు లక్షలు పోసి కొనాలి. జిల్లా ఆసుపత్రిలో ఎక్కడ దొరుకుతాయి? సమాధానం 1985లోనే వచ్చింది. అమెరికాలో చుకా, మెకార్టీ అనే ఇద్దరు డాక్టర్లు ఒక మామూలు కుర్చీలో కూర్చుని చేతులు పెట్టకుండా పదిసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూశారు. 20 నుంచి 85 ఏళ్ళ వరకు మనుషులను పరీక్షించి, వయసుతో ఆ సమయం ఎలా పెరుగుతుందో చూపించారు. కుర్చీ పరీక్ష ముఖ్యంగా తొడ బలాన్ని చెబుతుంది. అయినా లేచేటప్పుడు పాదం నేలను తన్నిపట్టాలి, పిక్క మనిషిని నిలబెట్టాలి. మొత్తం కాలు కలిసి ఇచ్చే సాక్ష్యం అది.

1994లో జాక్ గురాల్నిక్, ఆయన బృందం అమెరికాలో మూడు చోట్ల 71 ఏళ్ళు దాటిన అయిదు వేల మందికి పైగా పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చేయించిన మూడు పనుల ఫలితాలు ప్రచురించారు. పాదాలు దగ్గర పెట్టి నిలబడటం, నాలుగు అడుగులు నడవడం, కుర్చీలోంచి అయిదుసార్లు లేవడం. ఆ మరుసటి ఏడాది వాళ్ళు ఇచ్చిన ఫలితం వైద్యాన్ని కుదిపేసింది. అప్పటికి తమ పనులు తాము చేసుకుంటున్న వాళ్ళలో కూడా, ఈ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినవాళ్ళు నాలుగేళ్ళలో ఇతరుల మీద ఆధారపడే స్థితికి ఎక్కువగా చేరారు.

దీన్ని మన పెద్దవాళ్ళ మాటల్లో చెబుతాను. ‘కాలూ చెయ్యీ ఆడినన్నాళ్ళు బతికి, ఒకరి మీద పడకుండా పోవాలి’ అంటారు. ఆ కాలు ఎన్నాళ్ళు ఆడుతుందో ముందుగా చెప్పే సూచిక కుర్చీలో దొరికింది. డిపో డాక్టరు అడగని రెండో ప్రశ్నకు ఇది జవాబు.

సరే, తగ్గిందని తెలిస్తే లాభమేంటి, వయసు మీద పడ్డది కదా అంటారా? 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్ బృందం ఇంకెవరూ చేయడానికి సాహసించని పని చేసింది. సగటు వయసు 90 ఏళ్ళున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాలి బరువులు ఎత్తించారు. చివరి వరకూ చేసినవాళ్ళ తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళకు! ‘ఈ వయసులో ఇంకేం బలం’ అనే మాటకు అక్కడితో కాలం చెల్లింది. మన ఇళ్ళల్లోనే ఇంకా చెల్లలేదు.

ఆ జబ్బుకు అప్పటిదాకా పేరు కూడా లేదు. ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే ఆయన 1989లో గ్రీకు మాటలు కలిపి ‘సార్కోపీనియా’ అని పేరు పెట్టాడు. సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే కొరత. 2016లో అమెరికా జబ్బుల జాబితాలో దానికి సొంత కోడు వచ్చింది. ఆసియా దేశాల నిపుణులు కలిసి మన ఒళ్ళకు తగ్గ లెక్కలు 2014లో తయారుచేసి 2019లో సవరించారు. ఆ 2019 లెక్కలో కుర్చీలోంచి అయిదుసార్లు లేవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్త పడాలి. పిక్క చుట్టుకొలత మగవాళ్ళకు 34 సెంటీమీటర్ల కంటే, ఆడవాళ్ళకు 33 కంటే తక్కువుంటే ఇంకా పరీక్ష చేయించాలి. దర్జీ టేపుతో కొలవొచ్చు. కాళ్ళల్లో నీరు ఉంటే మాత్రం ఆ కొలత నమ్మకండి.

ఇంకొకటి మనకు బాగా దగ్గరిది. బ్రెజిల్‌లో అరౌజో అనే డాక్టరు కుర్చీని పక్కనపెట్టి, నేల మీద కూర్చుని లేవమన్నాడు. పదికి మార్కులు. చెయ్యి ఆనిస్తే ఒకటి పోయింది, మోకాలు ఆనిస్తే ఒకటి పోయింది. 51 నుంచి 80 ఏళ్ళ మధ్య రెండు వేల మందిని ఇలా చూసి 2012లో ఫలితాలు చెప్పాడు. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళలో ఆ తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువ. మన అమ్మలు పీట మీద కూర్చుని కూరగాయలు కోసి, కింద కూర్చుని బీడీలు చుట్టి, బోర్లించిన బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని రోజుకు ఇరవైసార్లు ఈ పరీక్ష రాసేవాళ్ళు. మనం గల్ఫ్ డబ్బులతో డైనింగ్ టేబులు, సోఫా, వెస్టర్న్ బాత్‌రూమ్ పెట్టించాం. మోకాళ్ళ నొప్పికి అవి కావాలి, కాదనను. కానీ ఆ ఇరవై బస్కీలు పోయిన చోట ఇంకేదో రావాలి కదా.

ఛుట్టీకి పోయినప్పుడు, వీడియో కాల్‌లో ఉన్నప్పుడు

ఇప్పుడు దోహా తమ్ముడి ప్రశ్నకు నేరుగా వస్తాను. పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి, ఇది మొదటి షరతు. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, గుండె జబ్బు ముదిరినవాళ్ళు డాక్టరును అడగకుండా చేయకూడదు. పరీక్ష ఎందుకో ముందు అమ్మకు, బాపుకు అర్థమయ్యేలా చెప్పండి. పెరాన్ స్ప్రింగు కథ గుర్తుందిగా.

కుర్చీ: చేతులు లేని గట్టి కుర్చీ, మోకాలి ఎత్తు, సుమారు 43 సెంటీమీటర్లు. పలచటి ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, వద్దు. ఏ కుర్చీ అయినా వెనక గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేస్తారో లెక్కపెట్టండి. కాలిఫోర్నియాలో రిక్లీ, జోన్స్ 1999లో ప్రచురించిన పద్ధతి ఇది. అమెరికా ఆరోగ్య శాఖ వాడే పట్టిక ప్రకారం 65 నుంచి 69 ఏళ్ళ ఆడవాళ్ళు 11 కంటే, మగవాళ్ళు 12 కంటే తక్కువ లేస్తే సగటు కంటే కింద ఉన్నట్టు, పడే ప్రమాదం ఉన్నట్టు. అది అమెరికా వాళ్ళ సగటు. మన ఇంట్లో దానికంటే విలువైనది ఇదే మనిషి ఆరు నెలల కింద ఎన్నిసార్లు లేచింది అనే లెక్క. క్యాలెండర్ మీద రాసి ఉంచండి.

మడమ: వంటింటి గట్టునో గోడనో రెండు చేతులతో పట్టుకుని, రెండు మడమలూ కలిపి లేపి దించాలి. బరువు చేతుల మీద వేయకూడదు. ఎన్నిసార్లు లేపారు, మడమ ఎంత ఎత్తు లేచింది, రెండు కాళ్ళూ ఒకేలా లేచాయా, ఇవి చూడండి. ఒంటికాలి పరీక్ష ఫిజియోథెరపిస్టు దగ్గరే చేయించండి.

పాదం: కుర్చీలో కూర్చుని, మడమ నేలకే ఉంచి, పాదం ముందు భాగం ఎత్తమనండి. ఒక పాదం లేస్తూ ఇంకోటి లేవకపోతే, నడిచేటప్పుడు పాదం టపటపమని నేలకు కొట్టుకుంటుంటే, అది వయసు అని వదిలేయకండి. నడుములో నరం నొక్కుకున్నా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అలా అవుతుంది. డాక్టరుకు చూపించాలి. ఒకవైపు కాలూ చెయ్యీ ఉన్నట్టుండి బలహీనపడితే, మూతి వంకరపోతే అది పక్షవాతం కావచ్చు, ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అప్పుడు మాలిష్ చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

లెక్క తక్కువ వచ్చిందా? భయపెట్టకండి. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును కలవమనండి. వాళ్ళు చెప్పేది సాధారణంగా ఈ పరీక్షనే కసరత్తుగా చేయమని. కుర్చీలోంచి లేవడం, మడమలు లేపడం, పాదం ఎత్తడం, మెల్లగా పెంచుకుంటూ పోవడం. దానితో పాటు పప్పు, గుడ్డు, పెరుగు లాంటి తిండి. మన దగ్గర ముసలివాళ్ళు రాత్రి ఇంత గట్కో, చారు నీళ్ళన్నమో తిని పడుకుంటారు. వాళ్ళ కండకు ఆ తిండి చాలదు.

మనం నెల నెలా డబ్బు పంపుతాం. పంపిన డబ్బుతో మందులొస్తాయి, పనిమనిషి వస్తుంది. అమ్మ చేతికి నీళ్ళ చెంబు అందించే మనిషిని పెట్టాక అమ్మ లేవడం ఇంకా తగ్గుతుంది. ప్రేమతోనే చేస్తాం, కానీ కండకు ప్రేమ తెలియదు, పని ఒక్కటే తెలుసు.

చివరిగా మన కాళ్ళ సంగతి. డ్రైవర్లు పొద్దంతా కూర్చుంటారు. సెక్యూరిటీ డ్యూటీ వాళ్ళు పొద్దంతా నిలబడతారు. రెండింటిలోనూ పిక్క కదలదు. కాళ్ళల్లోని రక్తాన్ని గుండెకు పైకి తోసేది పిక్క కండరమే, అందుకే దాన్ని రెండో గుండె అంటారు. అది కదలకపోతే సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే నరాలు ఉబ్బడానికి దారి పడుతుంది. పళ్ళు తోముకునేటప్పుడు ఇరవైసార్లు మడమలు లేపండి, సిగ్నల్ దగ్గర బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడు పాదాలు ఆడించండి. వచ్చేటప్పుడు మన బలానికి కంపెనీ తరఫున పరీక్ష అయింది. ఎప్పుడో ఒక రోజు ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి పోతాం. ఆ రోజు మన కాళ్ళు ఎలా ఉన్నాయో చూసే మెడికల్ ఏదీ ఉండదు. ఆ పరీక్ష మనమే పెట్టుకోవాలి, ఆ లెక్క మనమే రాసుకోవాలి.

ఈ శుక్రవారం ఇంటికి కాల్ చేసినప్పుడు కుర్చీ లెక్క ఒకటి తీసి చూడండి. అమ్మ ఎన్ని లేచింది, మీరెన్ని లేచారు, వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు చెప్పకుండా వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. దోహా తమ్ముడూ, నీ మెసేజ్ కోసం ముందుగా చూస్తుంటాను.